తీగకెక్కని ట్యాగు

పొద్దున ఏడు కాగానే నేను ముందుగదిలో పాత పేపరు పరిచేదాన్ని. దాని మీద పెట్టె బోర్లించి అడుగున నాలుగు దెబ్బలు వేసేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని. ఇప్పటికీ ఏడు కాగానే చెయ్యి గూట్లో పేపరు మీదికే పోతుంది. పరుస్తాను. బోర్లించడానికి ఏమీ ఉండదు. కాసేపు దాని ముందు కూర్చుని, బొమ్మలేవైనా ఉంటే చూసి, మడిచి మళ్ళీ గూట్లో పెట్టేస్తాను.

మా ఆయన పెట్టెలు బాగుచేసేవారు. సూట్‌కేసులు, చక్రాల బ్యాగులు, విమానం ఎక్కి దిగే సామాను ఏదైనా సరే. వీధిలో అందరూ ఆయన్ని పెట్టెలాయన అనేవారు. నేను పెట్టెలమ్మని. ఇంటి ముందుగదే కొట్టు. అటు వీధివైపు షట్టరు, ఇటు వంటింటి తలుపు. గోడ పొడుగునా డబ్బాలు. ఒకదాంట్లో చక్రాలు, ఒకదాంట్లో జిప్పు రన్నర్లు, ఒకదాంట్లో రివెట్లు. ఆ జిగురు వాసన నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఎక్కడైనా నాలుగు రోజులు ఉండొస్తే ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆకలేసేది.

కుట్టడం, అతకడం, చక్రాలు మార్చడం ఆయన వంతు. ఖాళీ చెయ్యడం నా వంతు. జనం ఖాళీ పెట్టే కదా అని ఇచ్చిపోతారు. పెట్టె ఎప్పుడూ ఖాళీగా ఉండదు. అరలన్నీ తెరిచి దులిపితే ఏదో ఒకటి రాలుతుంది. అదంతా ఒక చిన్న డబ్బాలో వేసి, పెట్టెకిచ్చిన టోకెన్ నంబరే దానికీ వేసేదాన్ని. తలపిన్నైనా సరే తిరిగిచ్చెయ్యాలి. ఆ విషయంలో ఆయన మహా గట్టి.

అన్నిటికన్నా చివరి పని ట్యాగు కోయడం. విమానంవాళ్ళు పిడికి చుట్టి అంటిస్తారే, ఆ పొడుగాటి కాగితం. దాని మీద మూడు పెద్ద ఇంగ్లీషు అక్షరాలుంటాయి, దిగాల్సిన ఊరికి గుర్తుగా. వెళ్ళేటప్పటిది ఒకటి, వచ్చేటప్పటిది ఒకటి, రెండూ వేలాడుతూ ఉంటాయి. వచ్చేటప్పటిది బుట్టలోకి. వెళ్ళేటప్పటిది ఆయన చేతికి. ఆయన దాన్ని తలమీద వేలాడే తీగకి గుచ్చేవారు. ఏడాదికో తీగ. ఏడాది నిండితే ఆ తీగ గోడకెక్కేది, కింద ఏడాది అంకె వేసిన కాగితం ముక్కతో.

"ట్యాగు కోస్తేనే పెట్టె ఇల్లు చేరినట్టు. అందాకా దారిలో ఉన్నట్టే లెక్క," అనేవారు. "పైగా పాత ట్యాగు ఉంచితే పెట్టె పాత ఊరికే పోతుంది. దానికేం తెలుసు పాపం."

నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ తీగల మీద నేర్చుకున్నదే. మూడేసి అక్షరాల చొప్పున.

ఊళ్ళ అసలు పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. పెట్టెల్లో ఏం రాలితే, జనం ఏం చెప్తే అదే పేరు. మొదటి ఏడెనిమిది తీగలు చూస్తే అన్నీ ఒకటే అక్షరాలు. అది మా ఇసుకూరు. రాతిపనివాళ్ళు, డ్రైవర్లు, వంటవాళ్ళు వెళ్ళేవారు. గట్టి పెట్టెలు, నాలుగువైపులా పెయింటుతో పేరు, అడ్డంగా నిలువుగా తాడు. రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చేవారు. దులిపితే సబ్బు కాగితాలు, సన్నటి ఇసుక, మాటలు రికార్డు చేసి పంపుకునే క్యాసెట్టు డబ్బాలు. వాటికెప్పుడూ కీళ్ళే విరిగేవి. పట్టనంత కుక్కేవారు మరి. ఆయన ఒకటికి రెండు రివెట్లు కొట్టేవారు.

"రెండెందుకండీ, ఒక్కటి చాలదూ?" అని అడిగాను ఒకసారి.

"ఇందులో బట్టలే అనుకుంటున్నావా? ఇంటిల్లిపాదీ ఉంటారోయ్ ఇందులో. బరువుండదా?"

తర్వాత నర్సులు బయల్దేరారు, చలూరికి. ఎప్పుడూ చలేనట అక్కడ. పెట్టె చిన్నదైంది, తాళం పెద్దదైంది. వాళ్ళ కోసం ఆయన లైనింగు లోపల ఇంకో రహస్యపు అర కుట్టేవారు, అడక్కుండానే. ఆ అర ఎక్కడుందో చెప్పేటప్పుడు మాత్రం నన్ను పిలిచి చెప్పించేవారు. ఆడపిల్లల పెట్టె రహస్యం మగవాడు చెప్పకూడదని ఆయన లెక్క.

ఆ తర్వాత చదువులు. ఒకే రంగు పెద్ద పెట్టెలు రెండేసి. అప్పుడే కొట్టులో దూలానికి కాటా వేలాడదీశారు. పెట్టె తగిలిస్తే ముల్లు తిరిగేది. ఆ కాటా దగ్గర జరిగినన్ని తగవులు కోర్టులో కూడా జరిగి ఉండవు.

"ఎంతుందండీ?"

"ఇరవై ఆరున్నరమ్మా. ఇరవై మూడే రానిస్తారు."

"ఏమే, ఆ కుక్కర్ తీసెయ్యి."

"తీస్తే అక్కడేం తిననమ్మా, నీ తలకాయా?"

"అయితే ఆ లావు పుస్తకాలు తియ్యి."

ఆయన ముల్లు మీంచి చూపు తిప్పకుండానే, "తీసెయ్ తల్లీ. చదువుకోడానికేమన్నా వెళ్తున్నావా!" అనేవారు. తల్లీ కూతురూ ఇద్దరూ నవ్వేవారు. నవ్వుతూనే తల్లి అటు తిరిగేది. అప్పుడు నేను మంచినీళ్ళు తెచ్చేదాన్ని. అది కూడా నా వంతే.

మోకాళ్ళూరని ఇంకోటి ఉండేది. కీళ్ళు మార్పించుకోడానికి, గుండెకి, పళ్ళకి, అక్కడ చవకనో మంచిదనో వెళ్ళేవారు. వాళ్ళ పెట్టెకి ఎక్స్‌రేలు మడతపడకుండా పలచటి అర కుట్టారాయన. అలాంటి పెట్టె ఇచ్చేటప్పుడు టోకెన్ చూసేవారు కాదు, మనిషి నడక చూసేవారు. "బావున్నాడోయ్, మెట్టు తనే దిగాడు," అని లోపలికి కేకేసేవారు.

అప్పటిదాకా వెళ్ళేవాళ్ళందరికీ ఒక పనుండేది. కూలికో, కొలువుకో, చదువుకో, రోగానికో. పద్నాలుగో తీగ నాడు పోస్టాఫీసులో రిటైరైన పెద్దమనిషి ఒకాయన వచ్చారు. పెట్టె చక్రాలు తిరగడం లేదు. నేను పుల్ల పెట్టి పొడిస్తే చక్రాల్లోంచి చిన్న చిన్న నల్లరాళ్ళు రాలాయి. ట్యాగు మీద అక్షరాలు మేమెన్నడూ చూడనివి.

"ఏ ఊరు సార్ ఇది?" అని మా ఆయన అడిగారు.

"దీవి. ఏమీ లేదక్కడ. నల్లరాళ్ళు, గాలి, ఒక లైట్‌హౌసు."

"బంధువులున్నారా?"

"లేరు."

"వైద్యానికా?"

"నాకేం రోగమయ్యా?"

"మరి దేనికెళ్ళారు?"

"ఊరికే," అన్నారు పెద్దమనిషి. "ముప్పై ఆరేళ్ళు ఊళ్ళ పేర్ల మీద ముద్ర కొట్టాను. అందులో ఒక్కటైనా నిజంగా ఉందో లేదో చూసొద్దామని వెళ్ళాను. ఉంది."

పెట్టె డొప్ప పగిలిపోయింది, అతకదని తేలింది. చట్రం మాత్రం బాగుంది. "మీరే ఉంచుకోండి, దేనికైనా పనికొస్తుంది," అని ఆ పెద్దమనిషి చేతులూపుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ రోజంతా మా ఆయనకి అదే మాట. కాళ్ళు కడుక్కుంటూ, "విన్నావుటోయ్, ఊరికే వెళ్ళాడట!" అన్నం కలుపుకుంటూ, "ఊరికేనట!" విసుగొచ్చి నేనే అన్నాను, "పోనీ మీరూ వెళ్ళిరండి ఊరికే, నాకు ఇల్లు సర్దుకోడానికి వీలవుతుంది." ఆయన ముద్ద పట్టుకుని ఆగిపోయారు. నిజంగానే ఆలోచిస్తున్నారని నాకు అప్పుడు తెలీలేదు.

ఆ పెద్దమనిషి మొదలుపెట్టాడో ఏమో, ఆ తర్వాత ఊరికే వెళ్ళేవాళ్ళు పెరిగిపోయారు. నాలుగు చక్రాల బుల్లి బ్యాగులు. నాలుగు రోజులు, అయిదు రోజులు. దులిపితే గవ్వలు, ప్రవేశం టికెట్లు, హోటలు వాళ్ళ షాంపూ పొట్లాలు, ఒంటి చెవిపోగు. పెళ్ళయిన కొత్తజంటలు, పెళ్ళే అక్కడ చేసుకునేవాళ్ళు, ఆట చూడ్డానికి ఒకరు, పాట వినడానికి ఒకరు, ఫొటోల కోసమే ఒక సముద్రపు ఊరికి కొందరు, అది మా ఫొటోలూరు. ఆఖరికి మా వీధి టైలరమ్మ కూడా తోటి ఆడవాళ్ళు ఆరుగురితో కలిసి వెళ్ళొచ్చింది.

మధ్యలో అన్నీ మూతపడ్డ ఏడాది తీగకి తొమ్మిది ట్యాగులే. ఆయన రోజూ షట్టరు తీసి, రన్నర్లకి నూనె రాసి, షట్టరు దించేవారు. మళ్ళీ దారులు తెరిచాక జనం ఎలా కదిలారంటే ఆ ఏడాదికి రెండు తీగలు పట్టాయి. "ఇంట్లో కూర్చుని కూర్చుని జనానికి బుద్ధొచ్చిందోయ్," అన్నారు. "ఇంక దేనికీ ఆగరు."

ఆ ఏడే మా ఇద్దరికీ పాస్‌పోర్టులు తీయించారు. నాకు చెప్పకుండా పెట్టె కట్టడం మొదలుపెట్టారు. పోస్టాఫీసు పెద్దమనిషి చట్రం, చదువుకునే పిల్ల పెట్టె చక్రాలు, నర్సమ్మ పెట్టె జిప్పు, లోపల ఎక్స్‌రే అర. రంగు మాత్రం ఒకటి కాదు, మూడు. చూస్తే నవ్వొచ్చేది.

"ఇదేం పెట్టెండీ, బొంతలాగుంది!"

"దీనికి దారులన్నీ తెలుసు. నువ్వు పక్కన నడిస్తే చాలు."

తీగల వరస చివర ఇంకో చిన్న తీగ వంచి మేకు కొట్టారు. దాని కింద అంకె లేదు. "ఇది ఎవరిదండీ?" అంటే "మనది," అన్నారు. ముందు దగ్గర్లో ఉన్న ఫొటోలూరికి, కాళ్ళు అలవాటయ్యాక నల్లరాళ్ళూరికి. అదీ ఆయన ప్రణాళిక.

వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం జిప్పు సగం కుట్టి, సూది అక్కడే గుచ్చి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికొచ్చారు. లేవలేదు. అంతే. అంతకన్నా రాయడం నాకు చేతకాదు.

ఎనిమిది నెలలు షట్టరు తీయలేదు. టోకెన్లున్న పెట్టెలన్నీ ఎవరివి వాళ్ళకి చేర్చేశాను. మిగిలింది ఆ మూడు రంగుల పెట్టె, ఆయన కత్తెర. ట్యాగులు కోసే బుల్లి కత్తెర అది. ముక్కు కొంచెం వంకర. పిడికి జిప్పు గుడ్డ చుట్టి ఉంటుంది. ఆయన బొటనవేలికి అరిగిన చోట నా వేలు కూడా సరిగ్గా సరిపోతుంది.

నా చెల్లెలు కంటి ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. ఒకరోజు వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"అక్కా, బావ పాస్‌పోర్టు తీయించింది బీరువాలో దాచుకోడానికా?"

"నేనొక్కదాన్నీ ఎక్కడికి వెళ్తానే?"

"నేను చచ్చానా? ఫొటోలూరికి నాలుగు రోజులు. సెలవు పెట్టేశాను. నువ్వు రానంటే నేనొక్కదాన్నే వెళ్ళి, బావ పేరు చెప్పి అందరికీ ఏడ్చి చూపిస్తాను. నీ ఇష్టం."

ఒప్పుకున్నాను. దాని నోటికి భయపడి కాదు. ఆ అంకె లేని తీగ కోసం. ఒక్క ట్యాగైనా తెచ్చి, ఆయన కత్తెరతో కోసి దానికి గుచ్చాలి. అది తప్ప నాకింకేం అక్కర్లేదు. అందుకే కత్తెర నాతో ఉండాలనుకున్నాను. చేతిసంచీలో ఉంటే తీసి పారేస్తారని ముప్పై ఏళ్ళుగా జనానికి చెప్పినదాన్ని నేనే కదా, సబ్బు డబ్బాలో పెట్టి, బట్టల మధ్య పెద్ద పెట్టెలోనే సర్దాను.

విమానాశ్రయంలో అమ్మాయి పెట్టె తూచింది. పద్నాలుగు కిలోలు. పిడికి ట్యాగు చుట్టి, "ఆ పక్కన ఇంకో బెల్టు ఉందమ్మా, అక్కడ మీరే పెట్టండి," అంది. అక్కడ పెద్ద వరస. చెల్లెలు ముందు, నేను వెనక. పిడి పట్టుకుని నిలబడ్డాను. ఆ జనం, ఆ చక్రాల చప్పుడు. ఇన్నేళ్ళూ ఒక్కొక్కటిగా మా గడప దాటినవన్నీ ఒక్కసారే కదిలొచ్చినట్టుంది. ఆయనుంటే ఒక్కో పెట్టెనీ చూసి ఏం చెప్పేవారో అనుకుంటూ ఉన్నాను. మా వంతు వచ్చింది. పెట్టె బెల్టు మీద పెట్టాను. వెళ్ళిపోయింది.

ఫొటోలూరిలో దిగాం. అందరి పెట్టెలూ వచ్చాయి. మూడు రంగుల పెట్టె రాలేదు. బెల్టు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయింది.

సామాను పోయినవాళ్ళ గదిలో కళ్ళద్దాల ఆవిడ రసీదు అడిగింది. చెల్లెలు ఇంగ్లీషులో మాట్లాడుతోంది. రసీదు కోసం చేతిసంచీ తెరిచాను. పైనే ఉంది, శుభ్రంగా చుట్ట చుట్టి. రసీదు కాదు. ట్యాగు.

కత్తెర చేతిలో లేనప్పుడు అతుకు దగ్గర గోటితో పట్టి నెమ్మదిగా లాగితే ట్యాగు ఊడొస్తుంది. అది ఆయన నేర్పిన ఉపాయమే. ఆ వరసలో నిలబడి నేను చేసింది అదే. పెట్టె కనిపించింది, ట్యాగు కనిపించింది, వేళ్ళు వాటి పని అవి చేసేశాయి.

కళ్ళద్దాల ఆవిడ ట్యాగునీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఇది పెట్టెకి ఉండాలి కదా, ఎవరు తీశారు అంటోందక్కా."

"నేనే."

"ఎందుకట?"

"అలవాటని చెప్పవే."

చెల్లెలు ఆ మాట ఆవిడకి చెప్పింది. తర్వాత కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళంట నీళ్ళు కారేలా నవ్వింది. "ముప్పై ఏళ్ళ సర్వీసక్కా! విమానం ఎక్కకముందే డ్యూటీ చేసేశావు!" నాకు నవ్వు రాలేదు. నా చీరలు పోతే పోనీ. ఆ కత్తెర పోయింది, నా చేత్తో నేనే పోగొట్టాను. పేరూ ఊరూ లేని పెట్టెలో పెట్టి పంపేశాను.

నాలుగు రోజులూ చెల్లెలి బట్టలు కట్టుకుని తిరిగాను. సముద్రం బాగుంది. నా చూపు మాత్రం నేల మీదే, వచ్చేపోయే చక్రాల మీదే. హోటల్లో కింద కూర్చున్నప్పుడు ఉండబట్టలేక చెల్లెలికి చెప్పాను, "అదుగో ఆవిడ కూతురి దగ్గరికొచ్చింది, ఇటువైపు పెట్టె కొత్తది, అటువైపుది అరువుది. ఆ ఇద్దరూ కొత్తగా పెళ్ళయినవాళ్ళు. ఆ పెద్దాయన వైద్యానికి." చెల్లెలు వెళ్ళి మాటల్లో పెట్టి కనుక్కొచ్చింది. మూడూ నిజమే. "బావ పూనాడే నిన్ను," అంది.

మూడో రోజు ఒకమ్మాయి జిప్పు విడిపోయిన బ్యాగుతో మెట్ల మీద కూలబడి ఉంది. గదిలోంచి సబ్బుముక్క తెచ్చి పళ్ళ పొడుగునా రుద్దాను. హోటలువాళ్ళని పట్టకారు అడిగి రన్నరు రెండువైపులా చిటికెడంత నొక్కాను. పట్టింది. ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుని ఏదో అడిగింది.

"మీరెందుకొచ్చారు ఈ ఊరికి అంటోందక్కా."

ట్యాగు కోసమని చెప్తే ఎవరికర్థమవుతుంది?

"ఊరికే వచ్చానని చెప్పు," అన్నాను.

చెప్పాక ఆ మాట బాగుంది. ఆ రోజు మొదటిసారి నేల మీంచి తలెత్తి సముద్రాన్ని సరిగ్గా చూశాను.

ఇంటికొచ్చాక పన్నెండు రోజులు ఎదురుచూశాను. రోజూ పొద్దున్నే పేపరు పరిచి కూర్చునేదాన్ని. చెల్లెలు రోజూ ఫోన్ చేసేది వాళ్ళకి. పదమూడో రోజు షట్టరు ముందు వ్యాను ఆగింది. మూడు రంగుల పెట్టె, పిడికి రెండు ట్యాగులతో.

తెచ్చినతను కాగితం చూసి చెప్పాడు. ఇక్కడి విమానాశ్రయంలోనే ట్యాగు లేని పెట్టెని పట్టుకుని, పిడి కింద వెతికితే పాత చీటీ ఒకటి అంటించి ఉందట. అదే ఊరనుకుని కొత్త ట్యాగు వేసి అక్కడికి పంపేశారట. అక్కడ ఎవరూ తీసుకోక, లోపల చెల్లెలు నాకు చెప్పకుండా వేసిన కాగితం మీద తన ఫోన్ నంబరు చూసి వెనక్కి పంపారట.

వెళ్ళినప్పటి ట్యాగు మీద అక్షరాలు చూశాను. పద్నాలుగో తీగ మీద ఒకే ఒక్కసారి చూసిన మూడు అక్షరాలు. నల్లరాళ్ళూరు. పెట్టె పడుకోబెట్టి పిడి కింద చూశాను. పోస్టాఫీసు పెద్దమనిషి నాటి బుల్లి చీటీ చట్రానికి అంటుకునే ఉంది, అంచులు పసుపెక్కి.

"బావ ఇది పీకడం మరిచిపోయాడా?" అంది చెల్లెలు.

"ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఒక్క చీటీ మరవలేదే."

"మరి?"

మరి ఏమిటో నాకూ తెలీదు. మరిచారో, ఉంచారో. మనిషి లేడు అడగడానికి. నాకైతే ఉంచారనే ఉంది.

తెరిచాను. మడతలు మడతలుగానే ఉన్నాయి. సబ్బు డబ్బాలో కత్తెర. బొటనవేలు పెట్టి చూసుకున్నాను. అదే అరుగుదల. అప్పుడొచ్చింది నాకు నవ్వు. నేను వెళ్ళింది ఫొటోలూరికి. ఆయన కత్తెర చూసొచ్చింది నల్లరాళ్ళూరు. ఒక్క ప్రయాణంలో ఇద్దరం చెరోవైపు.

చేతిసంచీలోంచి నేను పీకిన ట్యాగు తీసి, అంకె లేని తీగకి గుచ్చాను. అది ఇల్లు చేరిన ట్యాగే, అనుమానం లేదు. చెల్లెలు పెట్టె నా ముందుకు జరిపింది.

"ఈ రెండూ కూడా కొయ్యక్కా. కత్తెర చేతిలోనే ఉందిగా."

చక్రం మెల్లగా తిప్పాను. టక్కుమని ఆగింది. సందులో నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. పేపరు పరిచే ఉంది. బోర్లించి నాలుగు దెబ్బలేస్తే రాలుతుంది.

కత్తెర డబ్బాలో పెట్టి మూత వేశాను.

"ఉండనీవే, అది ఇంకా దారిలోనే ఉంది," అన్నాను. పెట్టెని అలాగే, ట్యాగులతోనే, షట్టరు పక్కన నిలబెట్టి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.